‘బాగానే ఉందక్కా’: గర్భిణి, బాలింత మనసులో ఆందోళన

నెల తప్పిందని తేలగానే మన ప్రాంతంలో అమ్మాయి పేరున ఒక కార్డు తెరుస్తారు. మాతా శిశు సంరక్షణ కార్డు. బరువు, బి.పి., హిమోగ్లోబిన్, మూత్రంలో షుగరు, ధనుర్వాతం సూది ఎప్పుడు వేశారు, ఐరన్ మాత్రలు ఎన్నిచ్చారు, అన్నీ అందులోకి ఎక్కుతాయి. 2016 నుంచి ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ కింద ప్రతి నెలా తొమ్మిదో తారీఖున ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ప్రత్యేకంగా పరీక్షలు చేస్తున్నారు. ఆ రోజు ఏ ఆసుపత్రి వరండా చూసినా కిటకిటలాడుతూ ఉంటుంది. చేతిలో కార్డు, సంచిలో నీళ్ళ సీసా, పక్కన అమ్మో అత్తగారో. ఆ హడావుడిలోనే ఆశా కార్యకర్త ఆప్యాయంగా అడుగుతుంది, “ఏమ్మా, ఎలా ఉంది?” అని. జవాబు దాదాపు ఎప్పుడూ ఒకటే. “బాగానే ఉందక్కా.”

కాళ్ళ వాపు లేదు, రక్తం కనబడలేదు, బిడ్డ కదులుతోంది. ఆ జవాబుకు అర్థం అంతవరకే. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మళ్ళీ కోడి కూసేదాకా నిద్ర పట్టడం లేదనీ, ఫ్యాను కేసి చూస్తూ “కాన్పులో నాకేమన్నా అయితే” అని లెక్కలు వేసుకుంటున్నాననీ అందులో రాదు. పక్కన అత్తగారు ఉండగా వరండాలో నిలబడి ఎవరు చెబుతారు?

“భయం ఎవరికుండదమ్మా, మేం కనలేదా?” అంటారు పెద్దవాళ్ళు. నిజమే. కాన్పు ఆడదానికి పునర్జన్మ అని తరతరాలుగా చెప్పుకుంటున్నవాళ్ళం, భయపడకపోతేనే ఆశ్చర్యం. నేను ఇవాళ మాట్లాడేది ఆ మామూలు భయం గురించి కాదు. మామూలు భయానికి ఊరట పనిచేస్తుంది. స్కానింగుకు ముందు రోజు గుబులుగా ఉంటుంది, డాక్టరమ్మ “బిడ్డ బాగుంది” అనగానే తేలికపడుతుంది, ఆ తేలిక పది రోజులో పదిహేను రోజులో నిలుస్తుంది. జబ్బుగా మారిన ఆందోళనకు ఊరట నిలవదు. రిపోర్టు బాగుందని విన్న మనిషి బస్టాండుకు చేరేలోపే “సరిగ్గా చూసిందో లేదో” అని మొదలుపెడుతుంది. ఇంటికి వచ్చాక ఆ రిపోర్టు తీసి, అర్థం కాని అంకెల్ని ఒక్కొక్కటే ఫోనులో కొట్టి చూస్తుంది. దాంతో కొత్త భయం పుడుతుంది.

ఇలా రెండు వారాలకు మించి, రోజులో ఎక్కువ భాగం సాగుతుంటే, దానివల్ల తిండి, నిద్ర, పని దెబ్బతింటుంటే, అది పట్టించుకోవలసిన స్థితి. గుండె దడ, గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు ఉండటం, అరచేతులు చెమర్చడం, ఊపిరి చాలనట్టు ఉండటం, ఊరికే చిరాకు, ఎవరేమన్నా కళ్ళలో నీళ్ళు. చిక్కేమిటంటే వీటిలో సగం గర్భంతో మామూలుగానే వస్తాయి. ఎనిమిదో నెలలో ఎవరికి హాయిగా నిద్ర పడుతుంది? అందుకే జబ్బు అందులో దాక్కుంటుంది. పైగా రక్తం తక్కువగా ఉన్నా గుండె దడే వస్తుంది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో గర్భిణుల్లో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్ళే. థైరాయిడ్ ఎక్కువగా పనిచేసినా చేతులు వణుకుతాయి, దడ పుడుతుంది. కాన్పు తర్వాతి నెలల్లో కొందరికి థైరాయిడ్ తేడా చేస్తుంది కూడా. కాబట్టి ముందు రక్తపరీక్ష. “ఇదంతా నీ మనసులోదే” అనే మాట పరీక్షలు చేయకుండా ఎవరు అన్నా తప్పే, డాక్టరు అన్నా సరే.

బాలింతలో గుర్తుపట్టడానికి ఒక్క ప్రశ్న చాలావరకు పనికొస్తుంది. బిడ్డ నిద్రపోయినప్పుడు నీకు నిద్ర పడుతోందా? బిడ్డ లేపడం వల్ల నిద్ర చాలకపోతే అది బాలింతలందరి కష్టమే. బిడ్డ గాఢంగా నిద్రపోతున్నా, పక్కన అమ్మ ఉన్నా, ఒళ్ళు హూనమైపోతున్నా కన్ను మూతపడటం లేదంటే అది వేరే సంగతి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క చెబుతాను. గర్భిణుల్లో నూటికి పదిమంది, బాలింతల్లో పదమూడు మంది ఏదో ఒక మానసిక సమస్యతో బాధపడుతున్నారు. మనలాంటి వర్ధమాన దేశాలు మాత్రమే తీసుకుంటే ఆ అంకెలు 15.6, 19.8కి పెరుగుతాయి. ఇందులో ఎక్కువగా లెక్కకు వచ్చింది డిప్రెషన్, అంటే కుంగుబాటు. ఆందోళన దాని పక్కనే ఉంటుంది, తరచు రెండూ కలిసే వస్తాయి. కుంగిపోయిన మనిషి ముఖం చూస్తే కనబడుతుంది. ఆందోళనతో ఉన్న మనిషి మాత్రం చకచకా పనిచేస్తూ, బిడ్డ గుడ్డలు రెండుసార్లు ఉతికి, సీసాలు మూడుసార్లు మరిగించి, “ఎంత జాగ్రత్తో పిల్లకి!” అని మెప్పు కూడా పొందుతుంది.

ఇక మన తిరువూరు సంగతికి వద్దాం. మన ఊరు ఎన్టీఆర్ జిల్లాకు ఒక కొన. సంబంధాలు ఇటు విస్సన్నపేట, గంపలగూడెం ఎంతో, అటు కల్లూరు, పెనుబల్లి, సత్తుపల్లి అంతే. 2014 జూన్ 2 నుంచి ఆ మధ్యలో రాష్ట్రాల సరిహద్దు వచ్చింది. చుట్టరికాలకు అది అడ్డం కాలేదు, కాగితాలకు అయింది. గంపలగూడెం పిల్లను సత్తుపల్లి వైపు ఇచ్చారనుకుందాం. నెల తప్పగానే అక్కడి ఆశా కార్యకర్త పేరు రాసుకుంటుంది, అక్కడి డాక్టరు చూస్తుంది. ఏడో నెలలో సీమంతం చేసి పుట్టింటికి తీసుకొస్తారు. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా! ఇక్కడ కొత్త ఆశా, కొత్త డాక్టరు, మళ్ళీ స్కానింగు. అక్కడ “అంతా బాగుంది” అన్నారు. ఇక్కడ “ఉమ్మనీరు కాస్త తక్కువగా ఉంది, వారం ఆగి చూద్దాం” అన్నారు. వైద్యపరంగా ఇందులో వింత లేదు, రోజులు గడిచేకొద్దీ ఉమ్మనీరు మారుతుంది. ఇప్పటికే గుబులుగా ఉన్న పిల్లకు మాత్రం అది ఇద్దరు డాక్టర్లలో ఒకరు అబద్ధం చెప్పినట్టు వినబడుతుంది. భర్త దగ్గర లేడు. రాత్రి ఫోనులో చెబితే, పగలంతా చేలోనో కొట్లోనో పనిచేసి వచ్చిన అతను “నువ్వు ఊరికే ఆలోచిస్తావు, పడుకో” అంటాడు. అతను ప్రేమగానే అంటాడు, ఆమెకు మాత్రం తలుపు మూసినట్టు ఉంటుంది.

కాన్పు అయ్యాక మూడు, ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి, ఇరవై ఎనిమిది, నలభై రెండో రోజుల్లో ఆశా కార్యకర్త ఇంటికి రావాలని నియమం. ఆసుపత్రి కాన్పుకు ఆరు రాకలు. బిడ్డ బరువు, బొడ్డు, పాలు తాగే తీరు చూస్తుంది. నలభై రెండో రోజు దాటాక ఆ రాకలు బాగా తగ్గిపోతాయి. ఆందోళన అయినా కుంగుబాటు అయినా మొదటి ఏడాదిలో ఎప్పుడైనా మొదలవ్వచ్చు. సరిగ్గా ఆ సమయంలోనే, మూడో నెలలోనో అయిదో నెలలోనో, చంటిబిడ్డను ఎత్తుకుని అమ్మాయి అత్తారింటికి బయల్దేరుతుంది. మళ్ళీ సరిహద్దు దాటుతుంది. ఇక్కడి ఆశాకు ఆమె వెళ్ళిపోయిన బాలింత. అక్కడి ఆశాకు ఆమె ఎప్పుడో ఏడో నెలలో ఊరొదిలిన గర్భిణి.

అప్పుడు పుట్టింటివాళ్ళు చేసే పని ఒకటుంది. కూతురు రాత్రిళ్ళు నిద్రపోవడం లేదనీ, ఏడుస్తోందనీ వాళ్ళకు తెలుసు. అత్తవారికి మాత్రం చెప్పరు. “మా పిల్లకు మతి బాగోలేదంటారేమో, కాపురం ఏమవుతుందో” అని. కూతురికి కూడా చెప్పి పంపుతారు, అక్కడ నవ్వుతూ ఉండమని. తల్లిగా ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ దీనివల్ల జరుగుతున్నదేమిటి? జబ్బు సంగతి తెలిసిన మనుషులు ఒక ఊళ్ళో, జబ్బు ఉన్న మనిషి ఇంకో ఊళ్ళో. కాబట్టి కార్డుతోపాటు మందుల చీటీలు కూడా సంచిలో పెట్టి పంపండి. రెండు ఊళ్ళ ఆశా కార్యకర్తల ఫోను నంబర్లు అమ్మాయి దగ్గర ఉంచండి. అల్లుణ్ణి ఒక పక్కకు పిలిచి, “బాబూ, దీనికి రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు, డాక్టరుకు చూపించాం, ఇంకో రెండు నెలలు జాగ్రత్తగా చూసుకో” అని సూటిగా చెప్పండి. షుగరు ఉంటే చెప్పమా?

పుట్టిల్లంటే అందరికీ చల్లని నీడే అనుకోకూడదు. ఇంట్లో వదినె ముఖం ముడుచుకుని ఉండొచ్చు, కాన్పు ఖర్చుకు నాన్న వడ్డీకి తెచ్చి ఉండొచ్చు. పుట్టింది ఆడపిల్ల అని ఎవరో నిట్టూర్చి ఉండొచ్చు. గోవాలో బాలింతల మీద జరిగి 2002లో అచ్చయిన ఒక అధ్యయనంలో డిప్రెషన్‌కు దారితీసినవాటిలో లేమి, భర్తతో సఖ్యత లేకపోవడం, పుట్టిన బిడ్డ ఆడపిల్ల కావడం ఉన్నాయని తేలింది. మన గడప మీద ఇవి లేవని ఎవరనగలరు?

ఇప్పుడొక కష్టమైన సంగతి. రేడియోలో చెప్పే మాటా ఇది అనుకోకండి, చెప్పకపోవడం వల్లే చాలామంది నలిగిపోతున్నారు. బిడ్డను ఎత్తుకుని డాబా మెట్లు దిగుతుంటే “జారవిడిస్తే?” అని ఒక ఆలోచన మెరుపులా వస్తుంది. కూరగాయలు కోస్తుంటే ముందున్న కత్తిపీట కేసి చూసి, పక్కన పడుకున్న బిడ్డను చూసి, నోటితో అనలేని చిత్రం ఒకటి కళ్ళముందు తిరుగుతుంది. తల్లి వణికిపోతుంది. “ఛీ, నేను రాక్షసినా?” అనుకుంటుంది. కత్తిపీట అటక మీద పెట్టేస్తుంది. బిడ్డకు స్నానం తను పోయనని అమ్మకు అప్పజెబుతుంది. ఎందుకో చెప్పదు. చెబితే బిడ్డను లాక్కుంటారని భయం.

ఇలాంటి ఆలోచనలు కొత్త తల్లుల్లో చాలామందికి ఏదో ఒక మేరకు వస్తాయి. వచ్చి పోతే అసలు జబ్బే కాదు. విడవకుండా వేధిస్తుంటే అది ఆందోళన జాతి జబ్బు, వైద్యంతో తగ్గుతుంది. ఆ ఆలోచన చూసి తల్లి హడలిపోతోందంటే అది ఆమె కోరిక కాదన్నమాట, అందుకే అంత హడలు. అలాంటి ఆలోచనతో వణికే తల్లి బిడ్డకు హాని చేయదు, అతిగా కాపాడుతుంది. దీని నుంచి వేరుగా చూడవలసిన స్థితి ఒకటుంది. కాన్పయిన మొదటి రెండు వారాల్లోనే, వెయ్యిమందిలో ఒకరిద్దరికి, మనసు పూర్తిగా అదుపు తప్పుతుంది. నిద్రే అక్కరలేనట్టు తిరగడం, పొంతన లేని మాటలు, ఎవరో పిలుస్తున్నారనడం, ఈ బిడ్డ నా బిడ్డ కాదు, మార్చేశారు అనడం. ఆమెకు అవి తప్పుడు ఆలోచనలని తోచదు, నిజమని నమ్ముతుంది. అది ప్రమాదం. గాలి సోకిందని తాయెత్తు కట్టించడానికి వెళ్ళి ఒక్క రోజు కూడా పోగొట్టుకోకండి. తల్లినీ బిడ్డనూ ఒంటరిగా వదలకుండా, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్ళండి, 108కి ఫోను చేయండి. తల్లికి చచ్చిపోవాలనిపిస్తోందన్నా ఇదే మాట.

మూడో రోజు నుంచి అయిదో రోజు మధ్యలో వచ్చే ఏడుపుతో మాత్రం కంగారు వద్దు. పాలు పడే సమయం, ఒంట్లో హార్మోన్లు ఒక్కసారిగా పడిపోయే సమయం. ఊరికే ఏడుపొస్తుంది, ఊరికే నవ్వొస్తుంది. రెండు వారాల్లో దానంతటదే సర్దుకుంటుంది. సర్దుకోకపోతేనే ఆలోచించాలి.

బాలింత ఆందోళనకు మన ఇళ్ళలో పెద్ద కేంద్రం పాలు. చూడవచ్చిన ప్రతి ఆడమనిషీ బిడ్డ ఏడవగానే అనే మొదటి మాట, “పాలు చాలట్లేదేమో!” ఈ ఒక్క మాట ఎంతమంది తల్లులను ఏడిపించిందో లెక్కలేదు. బిడ్డ ఏడవడం ఒక్కటే పాలు చాలకపోవడానికి గుర్తు కాదు. మొదటి వారం దాటాక రోజు మొత్తంలో ఆరుసార్లకు తగ్గకుండా ఉచ్చ పోస్తోందా? పుట్టాక కాస్త తగ్గిన బరువు రెండు వారాలకల్లా మళ్ళీ వచ్చిందా? ఈ రెండూ అవునైతే పాలు చాలుతున్నాయి. చుట్టాలకు ఇంకేదైనా మాట్లాడుకోవడానికి దొరుకుతుంది.

ఆందోళన ఎలా పెరుగుతుందో తెలిస్తే దాన్ని ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. తల్లికి అనుమానం వస్తుంది, బిడ్డ ఊపిరి తీస్తోందా అని. లేచి ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది. వెచ్చగా ఊపిరి తగులుతుంది. హమ్మయ్య. ఆ హమ్మయ్య పది నిమిషాలుంటుంది. మళ్ళీ అనుమానం, మళ్ళీ వేలు. దురద పెట్టిన చోట గోకినట్టే, గోకినప్పుడు హాయి, ఆ తర్వాత దురద ఇంకాస్త. ఒక వారానికి ఆమె రాత్రికి ముప్పైసార్లు లేస్తుంటుంది. ఫోను కూడా ఇంతే. బిడ్డ తుమ్మితే ఫోను, విరేచనం పచ్చగా వస్తే ఫోను. అర్ధరాత్రి ఏదో వీడియోలో ఎవరో చెప్పే ఘోరం వింటుంది. అందరికన్నా ఎక్కువ ఘోరం చెప్పేవాళ్ళే ముందు కనబడతారు అందులో.

కౌన్సెలింగ్‌లో చేసేదేమిటంటే, ఈ చక్రాన్ని మెల్లగా తెంపడం. ఒక్కసారిగా చూడొద్దనరు. అనిపించిన వెంటనే కాకుండా పది నిమిషాలాగి చూడమంటారు. ఆ పది నిమిషాలూ భయం పెరుగుతుంది, శిఖరానికి వెళ్తుంది, తర్వాత దానంతటదే దిగుతుంది. చూడకపోయినా భయం దిగింది కదా అని ఆమెకు స్వయంగా తెలియాలి. తర్వాత ఇరవై నిమిషాలు. బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా, తల్లి పక్కనే, ముఖం మీద దుప్పటి పడకుండా, మెత్తని దిండ్లు లేకుండా పడుకోబెట్టాలి. ఆ జాగ్రత్త ఒకసారి తీసుకున్నాక గంటగంటకూ చేసే తనిఖీ వల్ల బిడ్డకు అదనంగా దక్కేదేమీ లేదు.

ఆ పది నిమిషాలూ ఏం చేయాలి? రేడియో దగ్గర ఉన్నవాళ్ళు నాతోపాటు చేయండి, మగవాళ్ళు కూడా. భుజాలు వదులుగా వదిలేయండి. నెలలు నిండినవాళ్ళు వెల్లకిలా కాకుండా ఎడమ పక్కకు ఒత్తిగిలి గానీ, గోడకు ఆనుకుని గానీ ఉండండి. ముక్కుతో గాలి తీసుకోండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు. ఇప్పుడు మెల్లగా వదలండి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. తీసుకున్నదానికన్నా వదిలేది పొడవుగా ఉండాలి, కిటుకు అంతే. వదిలే ఊపిరి సాగితే గుండె వేగం కాస్త నెమ్మదిస్తుంది. అయిదు నిమిషాలు, రోజుకు రెండుమూడుసార్లు, భయం లేనప్పుడు కూడా చేయాలి. అప్పుడే భయం వచ్చినప్పుడు చేతికి వస్తుంది.

ఒక హెచ్చరిక. ఒక కాలు మాత్రమే వాచి నొప్పిగా ఉన్నా, ఛాతీ నొప్పి వచ్చినా, ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, తట్టుకోలేని తలనొప్పితో కళ్ళు మసకబారినా, కడుపులో బిడ్డ కదలిక తగ్గినా, ఊపిరి లెక్కపెట్టుకుంటూ కూర్చోవద్దు. అవి ఆందోళన వల్లే అనుకోకండి. వెంటనే ఆసుపత్రి.

ఇంట్లోవాళ్ళు చేయగలిగిన వాటిలో అన్నిటికన్నా పెద్దది నిద్ర ఇవ్వడం. రాత్రి తల్లికి వరసగా నాలుగైదు గంటల నిద్ర దొరికేలా చూడాలి. మధ్యలో పాలకు లేపితే, పాలివ్వడం వరకే ఆమె పని. గుడ్డ మార్చడం, భుజాన వేసుకుని త్రేన్పు తెప్పించడం, జోకొట్టడం నాన్న చేయొచ్చు, అమ్మమ్మ చేయొచ్చు. పథ్యం పేరుతో కడుపు మాడ్చకండి. బాలింతకు మామూలుకన్నా ఎక్కువ తిండి, ఎక్కువ నీళ్ళు కావాలి. చీకటి గదిలో నెల రోజులు కూర్చోబెట్టకుండా, పొద్దుటి ఎండలో వాకిట్లో పది అడుగులు వేయనివ్వండి.

కాన్పు గది గురించి కూడా ఒక మాట. 2019–21 సర్వే ప్రకారం ఆంధ్రలో కాన్పుల్లో 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం ఆపరేషన్లే. దేశం మొత్తం మీద 21.5. నొప్పులంటే భయం, ఆపరేషనంటే భయం, రెండూ మోస్తూ లోపలికి వెళ్తుంది పిల్ల. ఆ సమయంలో తోడుగా ఇంటి ఆడమనిషిని ఉండనివ్వవచ్చని కేంద్ర ఆరోగ్యశాఖ 2016లోనే ప్రభుత్వాసుపత్రులకు చెప్పింది. మీరు అడగండి. గట్టిగా కాదు, ముందుగా. నొప్పులు మొదలయ్యాక గుమ్మం దగ్గర వాదించడం కన్నా ఎనిమిదో నెలలోనే డాక్టరును అడిగి ఉంచుకోవడం మేలు.

కొన్ని భయాలకు కౌన్సెలింగ్ మందు కాదు. ఎ.కొండూరు తండాల్లో ఏళ్ళ తరబడి కిడ్నీ జబ్బుతో మనుషులు పోయారు. అక్కడి గర్భిణి “ఈ నీళ్ళు తాగితే నా బిడ్డకేమవుతుంది” అని భయపడితే ఆమెకు ఊపిరి పాఠాలు చెప్పడం ఎగతాళి చేసినట్టే. ఆమెకు కావలసింది మంచినీళ్ళు. అలాగే భర్త చేయి చేసుకుంటున్న ఇంట్లో భార్యకు దడ వస్తోందంటే అది జబ్బు కాదు, ఉన్నదున్నట్టు చూడటం. అలాంటివాళ్ళ కోసం 181 మహిళా హెల్ప్‌లైన్ ఉంది.

మందుల దగ్గర చాలామంది ఆగిపోతారు. కడుపుతో ఉండి మాత్రలా, పాలిస్తూ మాత్రలా అని. ఆందోళన ఓ మోస్తరుగా ఉన్నంతవరకు మాటలతోనే నయం చేస్తారు. తీవ్రంగా ఉంటే మందు తప్పదు. పాలిచ్చే తల్లులకు డాక్టర్లు తరచు ఎంచుకునే సెర్ట్రలిన్ లాంటి మందు పాలలోకి చాలా కొద్దిగానే వెళ్తుంది. ముందు నుంచీ మాత్రలు వాడుతున్నవాళ్ళు నెల తప్పిందని తెలియగానే సొంతంగా ఆపేయడం పెద్ద పొరపాటు, జబ్బు తిరగబెడుతుంది. డాక్టరును కలిసి మార్చుకోవాలి. వాల్‌ప్రోయేట్ లాంటివి గర్భంలో బిడ్డకు హాని చేస్తాయి, వాటిని గర్భం రాకముందే మార్చాలి. మెడికల్ షాపులో చెప్పి నిద్రమాత్ర తెచ్చుకోవడం మాత్రం ఎప్పుడూ వద్దు.

మాటలతో నయమవుతుందా అని సందేహించేవాళ్ళకు ఒక సంగతి. పాకిస్తాన్‌లోని రావల్పిండిలో ఆందోళన ఉన్న గర్భిణులను రెండు జట్లు చేసి చూశారు. ఒక జట్టుకు మామూలు వైద్యం. రెండో జట్టుతో, సైకాలజీ డిగ్రీ తప్ప వైద్య అనుభవం లేని మామూలు అమ్మాయిలు, శిక్షణ తీసుకుని, విడతలవారీగా కూర్చుని మాట్లాడారు. 2024లో ఫలితాలు వచ్చాయి. కాన్పయిన ఆరు వారాలకు మామూలు జట్టులో నూటికి 27 మందికి ఓ మోస్తరు నుంచి తీవ్రమైన ఆందోళన ఉంటే, మాట్లాడిన జట్టులో 9 మందికే ఉంది. మన అత్తలూ కోడళ్ళూ ఉన్న ఇళ్ళలాంటివే ఆ ఇళ్ళు కూడా. కేరళలో ‘అమ్మ మనసు’ పేరుతో గర్భిణుల, బాలింతల మానసిక స్థితిని అడిగి తెలుసుకునే పథకమే నడుపుతున్నారు. 1987లో ఎడిన్‌బరోలో తయారైన పది ప్రశ్నల పట్టికను ప్రపంచమంతా వాడుతోంది, గడిచిన ఏడు రోజుల గురించి అడిగేది. అందులో మూడు ప్రశ్నలు ఆందోళన మీదే. మన ఆశా కార్యకర్తలకు ఉన్న పనులు చాలవా అంటారేమో. అది నిజమే, వాళ్ళ మీద మోపే ప్రతి కొత్త పనికీ కొత్త జీతం కూడా ఇవ్వాలన్నది నా అభిప్రాయం. కానీ వరండాలో నిలబెట్టి “ఎలా ఉంది” అనడానికి బదులు, కాస్త పక్కకు తీసుకెళ్ళి “రాత్రి నిద్ర పడుతోందా తల్లీ, దేనికి భయంగా ఉంది?” అని అడిగితే రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది.

ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే బిడ్డను వేరు చేస్తారని భయం వద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, మూడేళ్ళలోపు బిడ్డను చికిత్స పొందుతున్న తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదు. తల్లి వల్ల బిడ్డకు ప్రమాదం ఉందని తేలితేనే, అదీ తాత్కాలికంగానే వేరు చేయాలి. బెంగళూరు నిమ్‌హాన్స్‌లో 2009 నుంచి తల్లీబిడ్డలను కలిపే ఉంచి వైద్యం చేసే వార్డు ఉంది.

మనకు అంత దూరం అక్కర్లేదు. మైలవరం మీదుగా విజయవాడ వెళ్తే ప్రభుత్వ సర్వజనాసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆ ప్రయాణం కూడా కుదరని రాత్రికి ఒక నంబరు ఉంది. 14416. టెలీ మానస్. 2022 అక్టోబరు 10న మొదలైంది. ఇరవై నాలుగు గంటలూ, ఉచితంగా, తెలుగులో. సరిహద్దుకు ఇటు నుంచి చేసినా అటు నుంచి చేసినా అదే నంబరు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్యులకు కలుపుతారు.

ఫోను ఎత్తగానే ఏం చెప్పాలో తెలియక పెట్టేసేవాళ్ళుంటారు. కాగితం మీద రాసుకోండి. “నాకు ఫలానా నెల” లేదా “కాన్పయి ఇన్ని రోజులైంది. ఇన్ని రాత్రుల నుంచి నిద్ర లేదు. ఫలానా విషయం గురించి భయంగా ఉంది. ఈ మందులు వాడుతున్నాను.” నాలుగు వాక్యాలు చాలు, మిగతాది వాళ్ళు అడుగుతారు. అమ్మాయి చేయలేకపోతే భర్త చేయొచ్చు, తల్లి చేయొచ్చు. మాట్లాడేటప్పుడు ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని, కాసేపటికి ఫోను ఆమె చేతికివ్వండి. మీరు బిడ్డను ఎత్తుకుని పక్క గదిలోకి వెళ్ళండి. మీరు ఎదురుగా ఉంటే ఆమె మళ్ళీ బాగానే ఉందంటుంది.